ముందు చక్రం, వెనక చక్రం

సుదర్శన చక్రం, కుట్టుమిషను చక్రం. ఈ రెండు తప్ప మూడో చక్రం గురించి నేనెప్పుడూ ఆలోచించినదాన్ని కాదు. అలాంటిది పోయిన ఆషాఢంలో మా ఇంట్లో నెల్లాళ్ళపాటు పొద్దున లేస్తే చక్రాలు, రాత్రి పడుకోబోతే చక్రాలు. పప్పులో పోపు మాడినా అడిగిన నాథుడు లేడు. నవ్వకండి. ఓపిగ్గా వింటే ఆ చక్రాలు మీ వంటింటి గుమ్మం దాకా కూడా వస్తాయి.

మా చిన్నవాడు అమెరికాలో డల్లాసు పక్కన ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఫాల్గుణంలో పెళ్ళి. సంబంధం కుదిరిన నెలకే వాడొక పాత కారు కొన్నాడు. ఫోర్డు వాళ్ళ మస్టాంగ్ జీటీ అట. ఎర్రగా, పొట్టిగా, ముక్కు ముందుకు సాచుకొని ఉంది. రెండే తలుపులు. వెనక సీటు ఉందంటే ఉంది, అందులో మనిషి కంటే కూరగాయల సంచి సుఖంగా కూచుంటుంది.

ఫోటో చూసి మావారు ఒక్కటే మాటన్నారు: "పెండ్లి పెట్టుకొని రెండు తలుపుల బండేందిరా?"

"నా పైసలే గద నాయినా" అన్నాడు వాడు.

అంతే. అక్కడి నుంచి మూడు నెలలు తండ్రీ కొడుకుల మాటలు "తిన్నవా", "తిన్న" దగ్గర ఆగిపోయాయి. మిగిలిన సమాచారమంతా నా ద్వారానే. మధ్యలో నేనొక పోస్టాఫీసు.

మావారి సంగతి కూడా చెప్పాలి. ఆర్టీసీలో టైర్ల సెక్షన్‌లో 31 ఏళ్ళు చేశారు. మొదట మహబూబ్‌నగర్ డిపో, తరవాత నల్లగొండ. రోడ్డు మీద బస్సు పోతుంటే మనం బోర్డు చదువుతాం, ఆయన టైరు చదువుతారు. పెళ్ళయిన కొత్తల్లో నాకు మల్లెపూలు తెచ్చినా ఆ పొట్లం రబ్బరు వాసనే వేసేది.

ఒక ఆదివారం పొద్దున వీడియోలో చిన్నవాడు గొణిగాడు: "అమ్మా, నాయినను ఒక మాట అడుగవా?"

"నువ్వే అడుగు. ఇక్కడ్నే ఉన్నరు. పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నరు" అన్నాను.

కారుకు టైర్లు అరిగిపోయాయట. ఎలాగూ కొత్తవి వేయించాలి కాబట్టి కొత్త చక్రాలే కొందామని వాడి ఆలోచన. నాలుగూ ఒకే వెడల్పు పెట్టాల్నా, లేక ముందు రెండూ సన్నవి, వెనక రెండూ వెడల్పువి పెట్టాల్నా? ఇదీ ప్రశ్న. స్నేహితులు తలా ఒకటి చెబుతున్నారట. పేపరు మెల్లగా కిందికి దిగింది. దాని వెనక నుంచి కళ్ళజోడు కనబడింది.

"ఇప్పుడేమున్నయి? కొలత చదువు" అన్నారు. మూడు నెలల తరవాత వాడితో ఆయన అన్న మొదటి నిండు వాక్యం అది.

టైరు పక్కన రాసి ఉండే అంకెలు ఫోను నంబరు లాంటివని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట. వాడి కారుకు 235/50 ఆర్ 18 అని ఉంది. 235 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి యాభై వంతు. 18 అంటే లోపలి ఇనుప చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. అంటే బట్టకు పన్నా ఉన్నట్టే టైరుకూ పన్నా ఉందన్నమాట. ఇది తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. కొలతల విషయంలో నన్ను ఎవరూ మోసం చెయ్యలేరు.

చిత్రమేమిటంటే, 2015 నుంచి కొన్నేళ్ళపాటు ఆ కంపెనీయే అదే బండిని రెండు రకాలుగానూ అమ్మింది. మామూలు జీటీకి నాలుగూ 235. ఇంకొంచెం డబ్బు పోసి జోరు ఎక్కువున్న సరంజామా పెట్టించుకుంటే ముందు 255, వెనక 275, చక్రం 19 అంగుళాలు. చేసినవాళ్ళే రెండూ సరే అంటే కొనేవాడి గతి ఏమిటి?

255కీ 275కీ తేడా ఎంతో టేపు తీసి చూశాను. రెండు సెంటీమీటర్లు. జాకెట్టు లోపల వదిలే కుట్టుబట్ట అంత.

"ఇంత దానికా ఇంత పంచాయితీ?" అన్నాను.

"జాకెట్టుకు ఆ రెండు సెంటీమీటర్లు తక్కువైతే తెలుస్తదా లేదా?" అన్నారు మావారు. నిజమే, నోరు మూసుకున్నాను.

ఇక ఆయన మొదలుపెట్టారు. "బస్సు ఒక్క ఊపున కదిలితే నిలబడ్డోళ్ళంతా ఎటు పడతరు? వెనక్కి. బండి బరువు గూడ గట్లనే వెనక్కి పోతది. మావాని కారుకు ఇంజను ముందల ఉన్నా తోసేటియి వెనక చక్రాలే. తోసే కాలికి పట్టు కావాలె. అందుకే వెనక వెడల్పు పెడతరు."

ఈ మాట నాకు వెంటనే తలకెక్కింది. మిర్యాలగూడ రోడ్డు మీద వరి కోతల రోజుల్లో ప్రయాణం చేసిన వాళ్ళెవరికైనా ఎక్కుతుంది. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద పండిన వడ్లన్నీ రైసుమిల్లులకు పోయేది ట్రాక్టర్ల మీదే కదా. ఆ ట్రాక్టరును చూడండి. ముందు చక్రాలు మన మోకాలు దాటితే గొప్ప, వెనకవి మన భుజాన్ని అందుకుంటాయి. ముందుది దారి చూపిస్తుంది, వెనకది బురదలో లాగుతుంది. పని వేరు గనక కొలత వేరు. నాలుగూ ఒకటే పెట్టండి అని ఏ రైతూ అడగడు.

మరి మా పుట్టింటి బండి? మాది పాలమూరు జిల్లాలో ఆత్మకూరు వైపు పల్లె. చిన్నప్పుడు కార్తీకంలో కురుమూర్తి జాతరకు ఎడ్లబండి కట్టుకొని పోయేవాళ్ళం. దానికి చక్రాలు రెండే, ఇరుసు ఒకటే. రెండూ అచ్చం ఒక్క తీరుగా ఉండాల్సిందే. ఒకటి చిన్నదైతే బండి జాతరకు పోదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. అంటే ఎడమకూ కుడికీ తేడా పనికిరాదు. పేచీ అంతా ముందుకూ వెనకకూ మధ్యనే.

వెనక వెడల్పుగా ఉంటే ఇంకో లాభం ఉందన్నాడు చిన్నవాడు. మలుపులో జోరు ఎక్కువైతే ముందు చక్రాలు మొదట జారతాయి. బండి మనం తిప్పినంత తిరగకుండా బయటికి పోతుంది. భయపడి కాలు తీస్తే చాలు, జోరు తగ్గి మళ్ళీ దారిలోకి వస్తుంది. అదే వెనక చక్రాలు మొదట జారితే తోక ముందుకొచ్చి బండి గిర్రున తిరుగుతుంది. జర్మనీ వాళ్ళ పోర్షే 911 కారు 1964లో వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ ఒకే వెడల్పు. ఇంజను వెనక వేలాడుతుండేది. మలుపుల్లో తోక ఊపడంలో దానికి పెద్ద పేరు. 1970ల నడుమ టర్బో అని జోరు బండి తెచ్చినప్పుడు వెనక వెడల్పు పెంచారు. అక్కడి నుంచి వెనక వెడల్పుగా ఉంటేనే రేసుకారు అని కుర్రకారుకు ఒక నమ్మకం కుదిరిపోయింది. చూడ్డానికి కూడా బాగుంటుందని వాడు మెల్లగా ఒప్పుకున్నాడు. ఆ మాట ముందే చెబితే సగం పంచాయితీ తప్పేది.

"మరి జపానోళ్ళ మాజ్దా బండో?" అన్నారు మావారు. నేను నోరు తెరిచాను. ఈయన నాకు తెలియకుండా రాత్రిళ్ళు ఫోనులో చదువుతున్నారన్నమాట! ఎంఎక్స్-5 అనే ఆ చిన్న బండికి 1989 నుంచీ తోసేవి వెనక చక్రాలే. నాలుగూ ఒకే కొలత. తేలికపాటి బండి, చెప్పినట్టు వింటుందని ప్రపంచమంతా మెచ్చుకుంటారు. అంతదూరం ఎందుకు, మన పెళ్ళిళ్ళలో పూలదండలు వేసుకొని వచ్చిన అంబాసిడర్‌కు కూడా తోసేవి వెనక చక్రాలే, నాలుగూ ఒకటే. 2014లో దాని తయారీ ఆగిపోయింది గానీ ఉన్నన్నాళ్ళూ డిక్కీలోని స్టెప్నీ ఏ మూలకైనా సరిపోయేది.

"బస్సుకు ఆరు టైర్లు. ముందల రెండు, వెనక జంటలు రెండు" అని వేళ్ళు లెక్కబెట్టారు. "వెనక బలం కావాలంటే వెడల్పు టైరు పెట్టలే, అదే టైరు రెండు పెట్టిన్రు. ఎందుకో చెప్పు? కొలత ఒకటే ఉంటే ఇటుది అటు మార్చొచ్చు. కొత్తది ముందల నడుస్తది. కొంత అరిగినంక రబ్బరు కట్టించి వెనక్కి పంపుతం. డిపో బతికేదే ఆ మార్పుల మీద."

వెనక చక్రాలు తోసే బండికి వెనక టైర్లే తొందరగా అరుగుతాయట. నాలుగూ ఒకటే అయితే అయిదారు వేల మైళ్ళకొకసారి వెనకవి ముందుకు, ముందువి వెనక్కి మారిస్తే నాలుగూ సమంగా అరిగి ఎక్కువ కాలం వస్తాయి. వెడల్పు తేడా ఉంటే ముందూ వెనకా మార్చడానికి లేదు. వెనకవి రెండూ తమ భారం తామే మోసి, నున్నగా అరిగి, ముందే పోతాయి. ముందువి ఇంకా నవనవలాడుతూ ఉంటాయి. పైగా వెడల్పు టైరు వాననీటి మీద తేలడానికి తొందరపడుతుంది. గాళ్ళు లోతుగా ఉన్నన్నాళ్ళు నీటిని చిమ్మేస్తుంది, అరిగాక ఆ శక్తి పోతుంది. గాళ్ళ అడుగున చిన్న చిన్న అడ్డుగట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, ఇక మార్చాల్సిందే. మీ ఇంటి బండికీ చూసుకోండి, ఊరికే చెబుతున్నాను.

ఇక్కడ చిన్నవాడు తండ్రిని ఒకచోట పట్టేశాడు. "కార్లకు రెండే కొత్త టైర్లు వేస్తే అవి వెనకనే వెయ్యాలె నాయినా. ముందల జారితే తిప్పుకోవచ్చు, వెనక జారితే మామూలు మనిషి చేతుల ఉండదు. టైర్ల కంపెనీలోళ్ళు గూడ గదే చెప్తరు."

31 ఏళ్ళు కొత్త టైరును ముందుకే పంపిన మనిషి! పూట గడిచింది. మధ్యాహ్నం అన్నం తింటూ తనలో తను గొణిగారు: "బస్సుకు ముందల పేలితే స్టీరింగు పోతది, అందుకని గట్ల. కారు సంగతి వేరే. వాడన్నది నిజమే." అప్పుడు ఆయన ముఖంలో నేను చూసింది ఓటమి కాదు. పిల్లవాడు పలక మీద మొదటిసారి తప్పులేకుండా రాసినప్పటి సంబరం.

అలా చక్రాల పుణ్యమా అని పోస్టాఫీసు మూతపడింది. రోజూ పొద్దున వాళ్ళిద్దరే మాట్లాడుకోవడం మొదలైంది. నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని.

ఆ వినడంలోనే ఒక రోజు ఒక మాట చెవిన పడింది. కాబోయే కోడలిది వనపర్తి వైపు. హ్యూస్టన్‌లో ఉద్యోగం. డల్లాసుకూ హ్యూస్టన్‌కూ సుమారు 240 మైళ్ళు. పెళ్ళయ్యాక ఎవరెక్కడుంటారు అని మావారు అడిగితే వాడు తేలిగ్గా అన్నాడు: "ఆమెనే ఇక్కడికొస్తది. ఉద్యోగం ఇక్కడ చూసుకుంటది."

నేను చేతిలోని గరిటె పట్టుకొనే వచ్చాను. "ఆ పిల్లను అడిగినవా?"

"అడిగేదేముందమ్మా?"

ఆ మాట నేను అంతకు ముందొకసారి విన్నాను. 1994లో. అప్పుడు మేము మహబూబ్‌నగర్‌లో ఉన్నాం. నేనొక చిన్న ప్రైవేటు బడిలో నాలుగేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మూడో తరగతి, లెక్కలు. జీతం చెప్పుకోదగ్గది కాదు గానీ, అందులోంచే కుట్టుమిషను కొన్నాను. మావారికి నల్లగొండ బదిలీ అయింది. సాయంత్రం వచ్చి, "వచ్చే నెల నల్లగొండ పోతున్నం" అన్నారు. "నా బడి?" అన్నాను. "అడిగేదేముంది, అక్కడ ఇంకోటి చూసుకుందువులే" అన్నారు. కోపంగా కాదు, చాలా మామూలుగా. ఇల్లు సర్దడం, పెద్దవాడి జ్వరాలు, చిన్నవాడి కాన్పు, అత్తగారి మంచం. ఆ ఇంకోటి ఈనాటి దాకా చూసుకోలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అడగలేదు, అంతే.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నాకు అలవాటు లేదు. ఒక్కటే అడిగాను, ఇద్దరినీ చూసి: "టైర్లను అయిదువేల మైళ్ళకోసారి ముందుకు వెనకకు మార్చాలంటున్నరు గద. మనింట్ల 36 ఏళ్ళల్ల ఒక్కసారన్న మార్చినమా?"

ఫోనులో చిన్నవాడు, కుర్చీలో పెద్దాయన, ఇద్దరూ గప్‌చిప్. స్టవ్ మీద కూర అడుగంటుతున్న వాసన వస్తే లోపలికి వచ్చేశాను.

మీరే చెప్పండి, మన ఇళ్ళలో చాలావరకు బండ్లు ట్రాక్టరు కొలతలోనే ఉంటాయి కదూ? దారి చూపించేది ఒకరు, బురదలో లాగేది ఒకరు. ఆ ఏర్పాటును నేను తప్పు పట్టను. మా అమ్మ కాలం అలాగే నడిచింది, వడ్లు ఇంటికి చేరాయి. కానీ ట్రాక్టరు చక్రాన్ని చేసినవాడు ముందే లెక్కవేసి చేశాడు. మనల్ని అలా లెక్కవేసి ఎవరూ చెయ్యలేదు. ఒకే కొలతలో వచ్చిన వాళ్ళమే, ఒకే చోట ఉండి ఉండి ఒకవైపు అరిగిపోయాం. పోయిన ఏడు స్నానాలగదిలో జారిపడి నా మణికట్టు విరిగితే, ఆరు వారాల కట్టులో నాకు నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది ఏమిటో తెలుసా? 35 ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లో చింతపండు ఏ డబ్బాలో ఉంటుందో ఆయనకు తెలియకపోవడం. పాపం, ఆరు వారాల్లో పప్పుచారు నేర్చుకున్నారు. కట్టు విప్పిన మర్నాడే గరిటె మళ్ళీ నా చేతికి వచ్చింది. నేనూ తీసుకున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మర్నాడు మావారే ఫోను చేశారు. నేను వినాలనే కాబోలు, కొంచెం గట్టిగానే మాట్లాడారు.

"నాలుగూ ఒకటే పెట్టు. ముందల గూడ 255, వెనక గూడ 255. పట్టు నీకు సరిపోతది. ఇప్పటి బండ్లకు జారకుండ పట్టుకునే మిషను ఎట్లనూ ఉంటది." 2012 మోడళ్ళ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ అది తప్పనిసరట. "మలుపుల కాలు నెమ్మదిగ ఒత్తు. అయిదువేలకోసారి మార్చు. ఎప్పటికీ వెనకయే అరగాలె అని రాసిపెట్టి లేదు."

ఒక నిమిషం ఆగి, మెల్లగా అన్నారు: "ఇంగ... ఆ పిల్లను అడుగు."

నాలుగు 255లు వచ్చి బిగిశాయి. చిన్నవాడు ఫోటో పెట్టాడు. వెనక వెడల్పు లేదని వాడికి ఒక మూల దిగులున్నట్టే ఉంది. ఉండనీ, కోరిక అన్నాక అంత తొందరగా చావదు. "కొత్త టైరు నున్నగ ఉంటది. మొదటి రెండొందల మైళ్ళు జోరు చెయ్యకు. పైపొర అరిగినంకనే రోడ్డును పడతది" అని తండ్రి జాగ్రత్త చెప్పారు. ఆ పిల్లను అడిగాడట కూడా. హ్యూస్టన్‌లో తన పని తనకు చాలా ఇష్టమని, అక్కడికి నువ్వు రాలేవా అని ఆమె తిరిగి అడిగిందట. వీడు వాళ్ళ ఆఫీసులో కనుక్కుంటున్నాడు. ఇంకా ఏమీ తేలలేదు. తేలకపోయినా అడగడమంటూ జరిగింది.

ఇక మా ఇంటి సంగతి. డిపోలో టైరు విప్పేముందు అది ఎక్కడిదో సుద్దముక్కతో దాని మీద గుర్తు రాసేవారట. మొన్న దసరా వెళ్ళాక వంటింట్లో క్యాలెండరు తిప్పబోతే అందులో మంగళ, గురు, శనివారాల గళ్ళల్లో పెన్సిలుతో వంకర అక్షరాలు కనబడ్డాయి. "చాయ్: నేను" అని.

మొదటి మంగళవారం మంచం మీద కూచొనే చాయ్ తాగాను. చక్కెర ఎక్కువ, ఆకు తక్కువ, పాలు కాస్త మాడాయి కూడా. "ఎట్లున్నది?" అన్నారు గుమ్మంలో నిలబడి.

బాగుందన్నాను. కొత్త టైరు కదా. రెండొందల మైళ్ళన్నా నడవనివ్వాలి.